తొమ్మిది బుడగలు

మా పనికి ఒక దరిద్రం ఉంది. బాగా చేస్తే కనబడదు.

శిక్షణ కేంద్రంలో మేస్టారుగా చేరిన మొదటి రోజే పద్దెనిమిది మంది అభ్యర్థుల ముందు నిలబడి ఈ మాట చెప్పాను. నా పేరు పెచ్చెట్టి అబ్బులు. రాజమండ్రిలో పందొమ్మిదేళ్ళపాటు కార్లకు ఫిల్ము వేసినవాణ్ణి. కొత్త కారు రంగు మీద పారదర్శకమైన పల్చటి ఫిల్ము పరుస్తాం. రోడ్డు మీద రాయి ఎగిరి తగిలినా, సందులో సైకిల్ హ్యాండిల్ గీసుకున్నా ఆ దెబ్బ ఫిల్ము తింటుంది, కింద రంగు చెక్కుచెదరదు. అయితే ఫిల్ము ఉన్నట్టు తెలియకూడదు. అంచు కనబడితే తప్పు. గాలి బుడగ కనబడితే ఇంకా పెద్ద తప్పు. "మీ పని చూసి ఎవరైనా 'దీనికేం చేశారండీ?' అని అడిగారనుకోండి, ఆ రోజు మీరు పాసైనట్టు" అన్నాను. ఆ మాటే నా కొంప ముంచుతుందని అప్పటికి తెలియదు.

మాది హైవే పక్కన రేకుల షెడ్డు. పేరు మాత్రం 'వాహన బాహ్య సౌందర్య పరిరక్షణ నైపుణ్య వికాస కేంద్రం'. బోర్డు మీద ఆ పేరు ఒక్క వరసలో పట్టక వికాసం కిందికి దిగింది. కార్ల అద్దాలకు వేసే ఫిల్ము కూడా నేర్పాలి. కానీ రోడ్డు మీద తిరిగే కారుకు నల్ల ఫిల్ము కనబడితే పోలీసులు అక్కడికక్కడే పీకేస్తారు. అందుకని పైవాళ్ళు దూరదృష్టితో ఆలోచించి, కారు లేకుండా ఒక కారు తలుపు పంపించారు. తలుపు ఒక్కటే రోడ్డెక్కదు కదా అని ఉత్తరంలో రాశారు. నిజమే, ఎక్కలేదు.

ప్రిన్సిపాల్ చిట్టిబాబు గారు మంచివారు. అంతకుముందు పట్టుపురుగుల విభాగంలో పనిచేశారు. కార్ల గురించి ఏమీ తెలియదుగానీ పురుగుల గురించి ఏ ప్రశ్న వేసినా చెప్పగలరు. పై నుంచి ఉత్తరం వస్తే మాత్రం కవరు చింపకముందే చెమటలు పట్టేవి.

అభ్యర్థుల్లో సత్యవేణి ఒకతి. ఆత్రేయపురం వైపు పిల్ల, ముప్పై ఏళ్ళుంటాయి. పన్నెండేళ్ళు పూతరేకులు తీసింది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పైన పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. దాన్ని చిరక్కుండా ఎత్తాలి. ఆ పొగ పన్నెండేళ్ళు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. రెండు మాటలు మాట్లాడితే మూడోది దగ్గు. ఇంకో ఏడాది పొయ్యి దగ్గర కూర్చుంటే ఆ తరవాత కూర్చునే ఓపిక కూడా ఉండదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

"రాజమండ్రిలో కార్ల షోరూము మేనేజరు గారు తీసుకుంటానన్నారండి. సర్టిఫికెట్టు మాత్రం ఉండాలంటండి. వచ్చే నెలాఖరు దాకా చూస్తారంట, ఆ తరవాత వేరేవాళ్ళని పెట్టేసుకుంటారంటండి" అంది మొదటి రోజే.

ఆ పిల్ల చెయ్యే వేరు. షాంపూ కలిపిన నీళ్ళు చల్లి, ఫిల్ము పరిచి, రబ్బరు బద్దతో నీళ్ళు బయటికి తోసేయడం నాకు పట్టుబడడానికి రెండేళ్ళు పట్టింది. సత్యవేణికి పదకొండు రోజులు పట్టింది. ఫిల్మును రెండు వేళ్ళతో ఎత్తి, ఊపిరి బిగబట్టి, వదిలేది. అంతే, కారు మీద ఏమీ లేనట్టుండేది. నేను నా జీవితంలో ఇంత చక్కటి 'ఏమీ లేకపోవడం' చూడలేదు.

చిక్కు ఫోటోల దగ్గర మొదలైంది.

ప్రతి పనికీ ముందొక ఫోటో, తరవాతొక ఫోటో తీసి పైకి పంపాలి. పంపాం. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. చిట్టిబాబు గారు నిలబడి చదివారు.

"విషయము: రంగు రక్షణ పొర, పూర్వ, అనంతర ఛాయాచిత్రముల నడుమ భేదము కానరాకుండుట, సంజాయిషీ కోరుట గురించి. సదరు అభ్యర్థిని శ్రీమతి సత్యవేణి సమర్పించిన రెండు చిత్రములు ఒకే చిత్రముగా తోచుచున్నవి. పని జరిగినచో కనబడవలెను. కనబడనిచో జరగలేదని భావించవలసి యుండును."

"అదేనండీ పని! తేడా కనబడితే పిల్ల ఫెయిలండీ!" అన్నాను.

"అబ్బులు గారూ, అది మీకు తెలుసు, మీరు చెప్పాక నాకూ తెలుసు. ఫోటోకి తెలియాలి కదండీ" అన్నారాయన, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

తరవాతి వారం బాహ్య మూల్యాంకన అధికారి గన్నవరపు సదాశివం గారు స్వయంగా దిగారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. చేతిలో ఫారం. అందులో మొదటి గడి, 'పొర కనబడుచున్నదా? అవును, కాదు'.

రంగు మీద ఫిల్ము పనికి మాకో ప్రాక్టీసు కారు ఉంది, మెరూను రంగుది. దాని బానెట్టు సత్యవేణి పరీక్ష పని. ఆయన వంగి చూశారు, పక్కకెళ్ళి చూశారు, కళ్ళజోడు తీసి చూశారు.

"ఇది పని జరిగిన బానెట్టా, జరగవలసిన బానెట్టా?"

"జరిగిందండి" అంది సత్యవేణి.

అరచేత్తో నిమిరారు. "కంటికి ఆనుట లేదు. చేతికి తగులుట లేదు. దీన్ని పరిపాలనా పరిభాషలో ఏమంటారో తెలుసునా? శూన్యం."

"ఒక అంచు లేపి చూపిస్తానండి" అని నేను ముందుకెళ్ళాను.

"ఆగండి! పరీక్షా వస్తువును చెరుపుట నిషిద్ధం!"

పక్కనే గంగరాజు చేసిన తలుపు ఉంది. గంగరాజు అదివరకు ఫ్లెక్సీ బ్యానర్లు కట్టేవాడు. ఒళ్ళు దాచుకోడు, పాపం, కానీ ఫ్లెక్సీకి బుడగల పట్టింపు ఉండదు. ఆ అలవాటు పోలేదు. తలుపుకు అమ్మవారు పోసినట్టుంది. నేను సిగ్గుతో దాన్ని గోడవైపు తిప్పించాను. సదాశివం గారు దాన్ని ఇటు తిప్పించారు. తిప్పగానే ఆయన మొహం వికసించింది.

"ఆహా! ఇదీ పని! ఇక్కడ ఒక మానవుడు శ్రమించాడని ప్రతి అంగుళమూ సాక్ష్యమిస్తున్నది. ఇదిగో పొర, ఇదిగో, ఇదిగో, ఇక్కడ కూడా!"

గంగరాజుకు ప్రథమ శ్రేణి వచ్చింది. సత్యవేణి పేరు ఎదురుగా 'గైర్హాజరు' అని రాశారు.

"సార్, నేనిక్కడే ఉన్నానండి" అందా పిల్ల.

"ఉన్నావమ్మా, నేను కాదనను. కానీ పని కనబడనప్పుడు, చేసిన మనిషి కనబడుటకు నియమావళిలో వీలు లేదు" అని ఆయన ఎంతో దయగా చెప్పారు.

అంతటితో పోతే బావుండేది. నెల మొదట్లో సర్క్యులర్ దిగింది. పేరు 'దృశ్యమాన నైపుణ్య ప్రమాణము'. ప్రతి తలుపుకు, ప్రతి బానెట్టుకు కచ్చితంగా తొమ్మిది బుడగలుండాలి. ఎనిమిదైతే అలసత్వం, పదైతే అత్యుత్సాహం. బుడగ కందిబద్దకన్నా చిన్నది కాకూడదు, శనగబద్దకన్నా పెద్దది కాకూడదు. కొలత నిమిత్తం ఒక కందిబద్దను, ఒక శనగబద్దను సీలువేసిన కవర్లో పంపారు. మూడోనాటికి శనగబద్దకు పురుగు పట్టింది. ఆ పురుగు జాతి ఏమిటో చిట్టిబాబు గారు పైకి నాలుగు పేజీల నివేదిక రాశారు. ఆ కేంద్రంలో ఆయన మనస్ఫూర్తిగా చేసిన పని నాకు తెలిసి అదొక్కటే.

బుడగలు నేర్పమని నన్నడిగారు. నాకు రావని కాగితం మీద రాసిచ్చాను. పాఠం గంగరాజుకిచ్చారు. వాడు నా దగ్గరికొచ్చి చేతులు నలుపుకున్నాడు.

"మేస్టారూ, అవి నాకు రాక ఉండిపోయిన బుడగలండి. రానిదాన్ని ఎలా నేర్పమంటారండి?"

"రానట్టే నేర్పు" అన్నాను. కోపంతో అన్న మాట. వాడు దాన్ని పుస్తకంలో రాసుకున్నాడు.

తప్పిపోయినవాళ్ళకు మళ్ళీ పరీక్ష ఇరవై అయిదో తారీఖున అన్నారు. అప్పటికే పద్దెనిమిది. సత్యవేణి తప్ప తక్కిన పదిహేడు మందీ పాసయ్యారు. పాఠం చెప్పే గంగరాజు తప్ప అందరూ తొమ్మిది బుడగలు నేర్చుకుని జిల్లాలోని దుకాణాల్లో ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. షెడ్డులో ఆ పిల్లా, నేనూ, గంగరాజూ మిగిలాం.

"కొంచెం తప్పు చేయమ్మా, నా తల్లివి కదూ" అని చిట్టిబాబు గారు బతిమాలారు. "తొమ్మిదే తొమ్మిది."

చేసిందండీ, ప్రయత్నం చేయలేదని ఎవరూ అనలేరు. బుడగ వదిలేది. ఇంకో బుడగ వదలడానికి పక్కకు జరిగేలోగా బొటనవేలు దానంతటదే వెనక్కెళ్ళి మొదటిదాన్ని అణిచేసేది. ఫిల్ము కింద ఆవగింజ పెట్టి చూశాను. ఆ పిల్ల మాటల్లో ఉండగానే వేళ్ళు గింజను అంచుదాకా తోసి బయటికి తీసేశాయి. చూసుకుంటే అరచేతిలో ఆవగింజ ఉంది.

"చెయ్యి వినట్లేదండి మేస్టారూ" అంది. "చిల్లుపడ్డ రేకు కనబడితే మా అత్తగారు ఆ పూట నాతో మాట్లాడేవారు కాదండి. పన్నెండేళ్ళండి. ఇప్పుడు చిల్లు పెట్టమంటే ఎలా వస్తుందండి?" దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది. "నాకు మళ్ళీ ఆ పొయ్యి దగ్గర కూర్చోవాలని లేదండి. భయమేస్తోందండి."

నేను తలుపు మీది ఫిల్మును చూస్తూ ఉండిపోయాను, అంటే ఏమీ లేని తలుపును చూస్తూ ఉండిపోయాను. వచ్చిన పని మరిచిపొమ్మని శిష్యురాలి వెంటపడిన మొదటి గురువును నేనే అయ్యుంటాను. ఒళ్ళు మండిపోయింది, సిగ్గేసింది కూడా.

ఇరవై నాలుగో తారీఖున సదాశివం గారు కొత్త కారులో వచ్చారు. నల్లది. అందులో మొహం చూసుకుని మీసం దువ్వుకోవచ్చు. నన్ను పక్కకు పిలిచారు.

"రేపటి పరీక్ష నా సొంత వాహనం మీద జరుపుదాం. మీ దగ్గర బుడగలేని వాహనం మిగల్లేదు కదా. కుడివైపు ముందు తలుపు చాలు."

"సరేనండి. గంగరాజును పిలుస్తాను, ప్రథమ శ్రేణి."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "గంగరాజు వద్దు. ఆ గైర్హాజరు అమ్మాయి ఉన్నది కదా? ఆవిడచేత చేయించండి."

మర్నాడు ఉదయం సత్యవేణి ఆ తలుపుకు ఫిల్ము వేసింది. గంటన్నరలో అయిపోయింది. సదాశివం గారు నాలుగు వైపుల నుంచీ చూశారు. కళ్ళు చెమర్చినంత పని అయింది.

"అద్భుతం! వేసినట్టే లేదు!"

"అయితే పాసేనాండి?" అంది సత్యవేణి.

ఆయన జేబులోంచి ఫారం తీశారు. ఫారం చేతిలోకి రాగానే మనిషి మారిపోయారు. "పొర కనబడుచున్నదా? కాదు. బుడగల సంఖ్య? పూజ్యం. అమ్మా, వాహన యజమానిగా నీకు నమస్కరిస్తున్నాను. అధికారిగా నువ్వు మళ్ళీ గైర్హాజరు."

ఆ క్షణంలో గాలి రేగింది. గేటుకు ఆనించి ఉన్న 'దృశ్యమాన నైపుణ్య వారోత్సవాలు' అనే రేకు బోర్డు మెల్లగా ఒరిగి, కారు మీదుగా జారి కిందపడింది. దాని మూల కుడివైపు తలుపును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బర్రున గీసేసింది.

సదాశివం గారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. "అయ్యో నా బండి! ఇంకా పసుపు కుంకుమ కూడా ఆరలేదు! చచ్చానురా బాబూ!" ఆయనకు మామూలు తెలుగు వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"కంగారు పడకండి" అంది సత్యవేణి. హీట్ గన్‌తో అంచుకు వేడిగాలి కొట్టి, గోరుతో కొన లేపి, మొత్తం ఫిల్మును ఒక్క ఊపున ఎత్తేసింది. ఎక్కడా చిరగలేదు, జిగురు మచ్చ మిగల్లేదు. గీత ఫిల్ముతోబాటే వచ్చేసింది. కింద రంగు నిన్నటిలాగే నల్లగా మెరుస్తోంది.

ఆయన తలుపును చూశారు, ఆ పిల్ల చేతిలో వేలాడుతున్న ఫిల్మును చూశారు. తలుపును ముద్దుపెట్టుకుంటారేమో అనిపించింది.

ఇదే అదనని నేను దూకాను. "చూశారు కదండీ! ఉంది! ఉండబట్టే కాచింది! ఇప్పుడు రాయండి పాసని!"

"ఎక్కడున్నది?"

"ఇదిగోనండి, చేతిలో!"

"వాహనం మీద లేదు కదా. పరీక్ష వాహనం మీద ఉన్న పొరకే." ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు. మనిషి దుర్మార్గుడు కాడు, ఫారం లేకపోతే. "అయితే... ఈ అమ్మాయి ఒక పొరను తొలగించుట నేను కళ్ళారా చూశాను. తొలగింపు దృశ్యమానం. దానికి ధ్రువపత్రం ఇవ్వడానికి ఏ నియమమూ అడ్డు రాదు."

అక్కడే కారు బానెట్టు మీద పెట్టి రాసిచ్చారు. 'వాహన పొర తొలగింపు నిపుణురాలు'. కింద చిన్న అక్షరాలతో, 'పొర అమర్చుటకు అర్హురాలు కాదు' అని.

ఇక తలుపు బోడిగా మిగిలింది కదా, దాన్ని మళ్ళీ కప్పాలి. "మళ్ళీ వేసేయమ్మా" అన్నారు సదాశివం గారు.

సత్యవేణి కాగితం చూపించింది. "అర్హురాలు కాదని మీరే రాశారండి. సిరా కూడా ఆరలేదండి."

అక్కడ అర్హతగల మనిషి గంగరాజు ఒక్కడే. నన్ను వేయమందామంటే నాకు బుడగలు రావని నేనే రాతపూర్వకంగా ఒప్పుకుని ఉన్నాను. వాడు వచ్చాడు. పాపం, అధికారి గారి బండి కదా అని ఎంతో శ్రద్ధపెట్టి, సర్క్యులర్ పక్కన పెట్టుకుని, కందిబద్దతో కొలిచి వేశాడు. సరిగ్గా తొమ్మిది. సదాశివం గారు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. పదోదుంటే తిట్టొచ్చు, ఎనిమిదైతే తిట్టొచ్చు. తొమ్మిదికి ఏమీ అనలేకపోయారు.

ముప్పయ్యో తారీఖున సత్యవేణి కాగితం పట్టుకుని షోరూముకు వెళ్ళింది. తొలగింపు సర్టిఫికెట్టు చూసి గెంటేస్తారని నేను రోజంతా గేటు వైపే చూస్తూ కూర్చున్నాను. మేనేజరు ఆ కాగితం రెండుసార్లు చదివి లేచి నిలబడ్డాడట.

"తొలగింపా! రామ్మా రా, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?" అని వెనక పెరట్లోకి తీసుకెళ్ళి చూపించాడట. వరసగా ముప్పై కార్లున్నాయి. అన్నీ జిల్లాలో మా కేంద్రం సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళు ఫిల్ము వేసినవే. అన్నిటికీ తలుపుకు తొమ్మిది చొప్పున ఉన్నాయి.

పీకడానికి సత్యవేణి పేరు రిజిస్టరులో ఉంది. పీకాక మళ్ళీ ఎవరు వేస్తున్నారో రిజిస్టరులో లేదు. కనబడనిదాన్ని రాసే గడి అందులో లేదు.

రెండు నెలల తరవాత సదాశివం గారు నన్ను సాంకేతిక సలహాదారుగా వెంటబెట్టుకుని అదే షోరూముకు వెళ్ళారు. తొమ్మిది బుడగల తలుపు ఇంట్లో పిల్లలు రోజూ లెక్కపెట్టి నవ్వుతున్నారట. ఆయన చిక్కిపోయారు. సత్యవేణి యూనిఫాంలో వచ్చి, నాకు నమస్కారం పెట్టి, హీట్ గన్ తీసుకుంది. ఆయన ఏసీ గదిలోకి టీ తాగడానికి వెళ్ళారు. ఆయన టీ నెమ్మదిగా తాగుతారు, మేనేజరు నన్నూ లోపలే కూర్చోబెట్టాడు. మేం బయటికి వచ్చేసరికి రెండు గంటలయింది. తలుపు అద్దంలా ఉంది.

సదాశివం గారు చూశారు, వంగారు, అరచేత్తో నిమిరారు. అనుమానంగా తలెత్తారు.

"అమ్మా, తీసేసి ఊరుకున్నావా, మళ్ళీ ఏమైనా వేశావా?"

"నాకు వేసే అర్హత లేదు కదండి."

ఆయన ఇంకోసారి వంగి చూశారు. కళ్ళజోడు తీసి చూశారు.

"కనబడుతోందాండి?" అంది సత్యవేణి.

"లేదు."

"అయితే లేనట్టేనండి. మీరు చెప్పిందే కదండి."

ఆయన షోరూము కాగితంలో 'తలుపు మీద పొర లేదు' అనే గడిలో సంతకం పెట్టి, కారెక్కి వెళ్ళిపోయారు. హైవే ఎక్కేచోట ముందు కంకర లారీ పోతోంది. ఆయన దాని వెనకే పడ్డారు. ఇక ఆ తలుపుకు ఏ రాయి తగిలినా ఆయనకు తెలిసే దారి లేదు.

నేను సత్యవేణి వైపు తిరిగాను. నేనే నేర్పిన పని, నాక్కూడా పోల్చుకోవడం చేతకాలేదు.

"నిజం చెప్పు తల్లీ, వేశావా?"

రెండు చేతులూ నా ముందు చాపింది. వేళ్ళు నాని ముడతలు పడి ఉన్నాయి, షాంపూ వాసన వస్తోంది. చేతులు చాపి నవ్వింది. పెద్దగా, చాలాసేపు నవ్వింది. అలవాటు కొద్దీ నేను దగ్గు కోసం ఆగాను. రాలేదు.